గోడ మీది ఇసుక గుట్టలు

మా సోషల్ సార్ పోయారన్న వార్త నాకు ఒక తప్పు బొమ్మతో కలిసి వచ్చింది.

పొద్దున పిల్లలకు టిఫిన్ డబ్బాలు కడుతుంటే ఫోన్ మోగింది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. ఆత్మకూరులోని మా బడి ప్రహరీ గోడ అది. దాని మీద సార్ ఎన్నో ఏళ్ల కింద తన చేతులతో వేసిన సముద్రతీరం బొమ్మ. ముందు నీలం రంగు అలలు, ఆ వెనుక ఒకదాని వెనుక ఒకటిగా మూడు ఇసుక గుట్టలు, ఒక్కొక్కటి పక్కనున్న తాటిచెట్టు కన్నా ఎత్తు. ఫొటో కింద “మన సారు ఇక లేరు” అని రాసి ఉంది. ఆ కింద దండం పెట్టే చేతుల గుర్తులు వచ్చి పడుతూనే ఉన్నాయి.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఊళ్లో ఆయన ఫొటోలకు కరువా? పదవీ విరమణ నాడు శాలువా కప్పుకున్నది ఉంది, జెండా పండుగ నాడు పిల్లల మధ్య నిలబడ్డది ఉంది. అవన్నీ వదిలేసి, బతికున్న చివరి ఏళ్లన్నీ ఏ బొమ్మను తుడిపించాలని ఆయన కాళ్లరిగేలా తిరిగారో దాన్నే పట్టుకొచ్చి నివాళి అంటున్నారు. ఏడుపు మధ్యాహ్నం వచ్చింది, బడిలో, ఆ గోడ ముందు నుంచి నడుస్తుంటే.

నేను ఆ బడిలోనే ఆయన దగ్గర చదువుకున్నాను. తరువాత అదే బడికి సోషల్ టీచర్‌గా వచ్చి ఆయన పక్క గదిలో పాఠాలు చెప్పాను. ఆయనతో ఉద్యోగం చేయడం సుఖమైన పని కాదు. మనం ఏం చెప్పినా ఆయన నోట ఒకటే ప్రశ్న: “నిలబడి చూసినవా?” వాగు ఎండిపోయిందంటే నిలబడి చూసినవా, ఫలానా ఊళ్లో నేల నల్లదంటే నిలబడి చూసినవా. “పుస్తకంల ఉంది సార్” అంటే, “పుస్తకం రాసినోడు నిలబడి చూసిండా అని అడుగు” అనేవారు. బండి మీద పోతూ ఎక్కడైనా కాలువ కోసం తవ్విన గట్టు కనిపిస్తే చాలు, దిగి మట్టి పొరలు చూడాల్సిందే. వెనుక కూర్చున్న మనం ఎండలో మాడాల్సిందే. ఆయనతో పోయిన ఏ పెళ్లికీ నేను తలంబ్రాల వేళకు చేరలేదు.

కానీ పాఠం చెబితే ఆయనే చెప్పాలి. సముద్రం ముఖం ఎరగని మా పాలమూరు పిల్లలకు తీరంలో ఇసుక దిబ్బలు ఎలా ఏర్పడతాయో చెప్పడానికి ఆయన మమ్మల్ని ఒక జొన్న కళ్లానికి తీసుకుపోయారు. ఇప్పుడంటే మిషన్లు వచ్చాయి గానీ, అప్పుడు ఇంకా తూర్పారబట్టేవాళ్లు. పీట మీద నిలబడ్డ అవ్వ చేట వంచుతుంటే గింజలు కాళ్ల దగ్గర పడుతున్నాయి, పొట్టు గాలికి పోయి అవతల కుప్పవుతోంది.

“చూసిండ్రా? గాలి బద్ధకంది,” అన్నారు సార్. “బరువు మొయ్యదు. తేలికది ఏరుకోని తీస్కపోతది. సముద్రం కాడ గూడ గంతే. అల మోటుది. గవ్వలు, గరుకు ఇసుక, సన్న ఇసుక అన్ని కలిపి తెచ్చి ఒడ్డున గట్టు పోస్తది. అది ఎండినంక గాలొచ్చి సన్నదాన్ని ఏరుకోని జర ఎనకకు మోస్తది. ఆడ ఏదన్న తీగ అల్లుకోని ఉంటే గా ఇసుక తీగల చిక్కుతది. కింద అల పోసిన గట్టు, పైన గాలి పోసిన దిబ్బ. సమజైందా?”

పీట మీది అవ్వ చేట ఆపి, “మీ సారు జొన్నలు తూర్పారపట్టనిస్తడా లేదా?” అని మమ్మల్ని అడిగింది. ఆ ఏడు పరీక్షలో సగం మంది పిల్లలం ఇసుక దిబ్బ గురించి రాయమంటే జొన్నపొట్టు గురించి రాశాం. సార్ అందరికీ మార్కులేశారు.

రెండో పాఠం ఎండాకాలంలో, కృష్ణ మీది జూరాల ఆనకట్ట వెనుక నిలిచిన నీళ్ల దగ్గర. నీళ్లు తగ్గే కొద్దీ ఒడ్డున గీతలు పడతాయి. నత్తగుల్లలు, గడ్డిపోచలు, ఇసుక కలిసి సన్నటి వరుసలుగా మిగులుతాయి. సార్ మమ్మల్ని ఆ వరుసల మీదుగా నడిపించి ఏది లావుగా ఉందో చెప్పమన్నారు. మూడోది లావుగా ఉందన్నాం.

“ఎందుకు?”

“నీళ్లు ఆడ ఎక్కువ దినాలు ఆగినయి సార్.”

“గదీ! ఉరికే నీళ్లు గుర్తు పెట్టవు బిడ్డా. నిలబడ్డ కాడనే పెడ్తయి.” ఆయన ముఖం అప్పుడు చూడాలి. “సముద్రం గూడ గంతే. వేల ఏండ్ల కింద లేసుకుంట లేసుకుంట వచ్చి ఒక కాడ నిలబడ్డది. నిలబడ్డంక నది ఇసుక తెస్తనే ఉన్నది, అల గట్టు పోస్తనే ఉన్నది. ఒక గట్టు పోసింది. ఇంక ఇసుక వచ్చింది, దాని ముందర ఇంకొకటి పోసింది. గట్ల భూమి సముద్రంలకు నడిచింది. ఎనక ఉన్నది ముసలి గట్టు, ముందరున్నది పడుచు గట్టు. ఒకప్పుడు సముద్రం ఒడ్డు యాడుండెనో తెల్సుకోవాల్నంటే గా గట్లు చూడాలె.”

“మళ్ల సముద్రం లేస్తే సార్?” అని అడిగాను నేను.

“లేస్తే ముందరి గట్టును కోస్తది. ఇసుక దండిగ వస్తుంటే గట్టు ఎనకకు జరిగి బతుకుతది. రాకపోతే కరిగిపోతది.” తరువాత కిందికి వంగి గుట్ట నుంచి రాలిన గులకరాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. “గా ఇసుక యాడికెళ్లి వచ్చిందనుకున్నవ్? గిదే. మన గుట్టలు అరిగి వాగుల పడి, కృష్ణల పడి ఆడిదాంక పోయింది. నడుమ ఆనకట్ట కడితే ఆడనే ఆగుతది.”

మా ఊరి గుట్ట సముద్రం దాకా పోయిందన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను సోషల్ టీచర్‌ని కావడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ గులకరాయి అనే చెబుతాను.

గోడ మీది బొమ్మ ఆ తరువాతి ఏడు వేశారు. రంగులు ఆయనే కొన్నారు, నిచ్చెన పిల్లలు పట్టుకున్నారు. బొమ్మ అందంగా వచ్చింది, ఆ మాట కాదనను. చూడడానికి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన మెచ్చుకుని దాని ముందు ఫొటో దిగిపోయారు. అప్పటి నుంచి అది మా బడికి ముఖం అయిపోయింది. ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆ బొమ్మ వేసినప్పటికి సార్ సముద్రం చూడలేదు. అందరినీ నిలబడి చూసినవా అని సతాయించే మనిషి, ఈ ఒక్క పాఠం మాత్రం తన బాపు మాట మీద చెప్పారు.

ఆయన బాపు గొర్రెలు కాసేవాడు. ఎండాకాలంలో మేత దొరక్క మందను తోలుకుని కృష్ణ వెంబడి కింది దిక్కు పోయేవాడట. ఒక ఏడు సముద్రం దగ్గరి దాకా పోయి వచ్చి, “ఆడ ఇసుక గట్ల మీద మంద కట్టినం బిడ్డా, మంచి ఎత్తు జాగ, ఎంత వాన పడ్డా నీళ్లు నిలువయి” అని చెప్పాడట. మా దిక్కు మందకు ఎత్తు జాగా అంటే గుట్ట పక్క. ఎత్తు అన్న మాట వింటే మా పిల్లల కళ్ల ముందు బండరాళ్ల గుట్ట నిలబడుతుంది, ఇంకోటి నిలబడదు. ఆ మాట విన్న చిన్న పిల్లవాడు ఇసుకతో చేసిన గుట్టను ఊహించుకున్నాడు. పెద్దయ్యాక దాన్నే బోర్డు మీద గీశాడు, తరువాత గోడ మీద రంగులేశాడు. సముద్రం ఎందుకు నిలబడింది, అల ఏం చేసింది, గాలి ఏం చేసింది, అవన్నీ సరిగ్గానే చెప్పారు. ఎత్తు ఒక్కటి పాలమూరుది పెట్టారు.

సముద్రం చూడ్డానికి పిల్లలను తీసుకుపోతామని ఆయన అడగని ఏడు లేదు. ఒకసారి పరీక్షలు అడ్డం, ఒకసారి ఎన్నికల డ్యూటీ అడ్డం, ఒకసారి ఏ అడ్డమూ లేకపోతే బస్సు లేదు. తెలంగాణ వచ్చాక మన సముద్రం కాదు కదా సార్, పక్క రాష్ట్రానిది మనకెందుకు అన్నవాళ్లూ ఉన్నారు. “ఇసుక మనది గదరా!” అని సార్ స్టాఫ్ రూమ్ అదిరిపోయేలా అరిచారు. చివరికి ఆయన రిటైర్ అయ్యే ఏడు, పదో తరగతి పిల్లలతో బస్సు కదిలింది. పిల్లలకు కాపలాగా నేనూ వెళ్లాను.

కృష్ణ సముద్రంలో కలిసే దిక్కుకే పోవాలని ఆయన పట్టు. చిట్యాల దాటాక హైవే మీద పిల్లలు పాటలు మొదలుపెట్టారు. సార్ మాత్రం కిటికీ పక్కన కూర్చుని, ఇంకా నల్లగొండ జిల్లా అయినా దాటకముందే, “గుట్టలు తగ్గుతున్నయి చూడు” అంటూ నా ప్రాణం తీశారు. దివిసీమకు చేరాక బస్సు పొలాల మధ్య నుంచి, రొయ్యల చెరువుల మధ్య నుంచి పోయింది. ఆయన అద్దానికి ముఖం ఆనించి ఇసుక గుట్టల కోసం చూస్తూనే ఉన్నారు. ఒక్కటీ కనిపించలేదు.

సముద్రం ఒడ్డున పిల్లలు చెప్పులు విసిరేసి ఉరికారు. అంత నీటిని ఒకేసారి చూసి నేనూ వాళ్ల వెనుకే నాలుగడుగులు ఉరికాను. ఇటు తిరిగి చూస్తే మా సార్ సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

“సార్, సముద్రం అటుంది,” అని ఒక పిల్ల చెప్పింది.

“నాకు తెల్సు. నువ్వు పోయి ఆడుకోపో,” అని కసిరారు.

ఒడ్డు వెంబడి చాలా దూరం పోయి వచ్చారు. సరుగుడు తోటలోకి పోయి వచ్చారు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. “లెవ్వు,” అన్నారు. “ఒక్కటి గూడ లేదు. ఎత్కపోయిండ్రు. లారీలు పెట్టి మొత్తం ఎత్కపోయిండ్రు దొంగనా కొడుకులు.” పిల్లల ముందు ఆయన నోట ఆ మాట రావడం నేను అప్పుడే విన్నాను. అన్నం కూడా తినలేదు. ఆయన బాపు మంద కట్టిన జాగా, ఇన్నేళ్లు తాను పిల్లలకు చెప్పిన జాగా, ఎవరో తవ్వుకుపోయారని ఆయన బాధ. మేమంతా నమ్మాం. మా దగ్గర వాగులను తవ్వినవాళ్లను చూసినవాళ్లం, నమ్మక ఏం చేస్తాం?

తిరుగు దారిలో ఒక ఊళ్లో టీ కోసం బస్సు ఆపాం. ఆ ఊరంతా రోడ్డుకు అటూ ఇటూ ఒకే వరుసగా పోయినంత దూరం పోయింది. ఇళ్ల వెనుక రెండు వైపులా పొలాలు. పిల్లలు చేతిపంపు దగ్గర ఉప్పు కడుక్కుంటూ, దోసిళ్లతో నీళ్లు తాగుతున్నారు. సార్ కూడా ఒక దోసెడు తాగి ఆగిపోయారు. మళ్లీ తాగారు.

“ఈ నీళ్లు తియ్యగున్నయేందమ్మా?” అని టీ కొట్టు ఆవిడను అడిగారు.

“ఇక్కడ బాగుంటాయండి. అదిగో, ఆ పొలాల్లోకి దిగితే ఉప్పేనండి.”

“దిగితే? యాడ దిగాలె?”

ఆవిడ వింతగా చూసింది. “అదేనండి, ఇలా వెనక్కి దిగితే.”

సార్ అటు చూశారు. నేనూ చూశాను. నేల చదునుగా ఉంది. దిగడానికి అక్కడ ఏమీ లేదు. కానీ ఆయన ముఖంలో రంగు మారింది. ఉప్పు నేల మధ్య ఇసుక గట్టు మీద మాత్రమే వాన నీళ్లు ఇంకి తియ్యగా నిలుస్తాయని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పింది ఆయనే. నాలుగడుగులు అటు నడిచారు, ఇటు నడిచారు. ఆ తరువాత, తెల్ల చొక్కాతో, రోడ్డు పక్క దుమ్ములో బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించారు.

పిల్లలు కేకలు పెట్టారు. టీ కొట్టు ఆవిడ “అయ్యో, మూర్ఛండీ మూర్ఛ!” అంటూ ఇంటి తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆయన అరచేతిలో కుక్కింది. సార్ ఆ గుత్తిని గట్టిగా పట్టుకునే, తల ఎత్తకుండా నన్ను పిలిచారు.

“బిడ్డా, పండుకో. పండుకోని చూడు.”

కొత్త చీర కట్టుకున్నాను. అయినా పడుకున్నాను. నేల మట్టం నుంచి చూస్తే తెలిసింది. ఇళ్ల వరుస వెనుక నేల మెల్లగా, చాలా మెల్లగా వంగుతోంది. అవతల పొలంలో నడిచే మనిషి మోకాళ్ల కింది భాగం మాకు కనిపించడం లేదు. అంత దూరం మీద మనిషెత్తు తేడా కూడా పూర్తిగా ఉండదేమో. రోడ్డుకు అవతలి వైపూ అంతే. ఇళ్లు, టీ కొట్టు, చేతిపంపు, మా బస్సు, అన్నీ ఆ ఇసుక గట్టు మీదే ఉన్నాయి. పొద్దుటి నుంచి దాన్ని వెతుక్కుంటూ దాని మీదే తిరిగాం.

సార్ లేచి కూర్చున్నారు. తాళాలు ఆవిడకు తిరిగి ఇచ్చి, “మూర్ఛ కాదు తల్లీ, సిగ్గు” అన్నారు. చొక్కా దులుపుకోలేదు. బస్సులో చాలాసేపటికి, “బాపు మంచిగనే చెప్పిండు. నేనే గుట్టను తెచ్చి పెట్టిన” అన్నారు. ఆయనను ఓదార్చాలని, “ఆ ఇసుక మన గుట్టదే కదా సార్, గుట్టలెక్క గీస్తే తప్పేముంది” అన్నాను. “తియ్యటి మాటలు చెప్పకు. ఎత్తు తప్పంటే తప్పే” అని నా మీదే ఎగిరారు.

ఆ రోజు నుంచి ఆయన ప్రశ్న మారింది. “పండుకోని చూసినవా?” అని అడగడం మొదలుపెట్టారు. స్టాఫ్ రూమ్‌లో దాని మీద, ఆ తాళాల గుత్తి మీద ఎన్ని జోకులు పేలాయో ఇక్కడ రాయను; అవి సార్ ఇంటి దాకా పోయాయి.

రిటైర్ అయ్యాక మనిషి ఊరుకుంటాడనుకున్నాం. ఊరుకోలేదు. ఆ పాఠం విన్న పాత విద్యార్థి ఎక్కడ కనబడితే అక్కడ ఆపి దిద్దేవారు. ఎరువుల దుకాణం నడిపే మా సీనియర్ ఒకాయన ఉన్నాడు, గ్రూపులో ఆ ఫొటో పెట్టింది అతనే. సార్ అతని కౌంటర్ మీది దుమ్ములో వేలితో గీత గీసి చూపించారట. దాదాపు అడ్డగీత, నడుమ ఒక్క పిసరు ఉబ్బు. “గింతె ఎత్తుంటది. నేను చెప్పింది తప్పు, యాదిపెట్టుకో” అన్నారట. అతను, “సార్, డీఏపీ కోసం లైన్ల ఉన్నరు, ఇప్పుడు నాకు సముద్రమెందుకు సార్?” అన్నాడట. సార్ ఆ కోపం నా దగ్గరికొచ్చి తీర్చుకున్నారు.

గోడ సంగతి అంతకన్నా అన్యాయం. ఆయన ఒక సెలవు రోజు సున్నం బకెట్టు, నిచ్చెన తెచ్చుకుని గేటు దగ్గర నిలబడితే, హెడ్మాస్టర్‌కు ఫోన్ పోయింది. ఆయన పరుగున వచ్చారు. నేనూ వెళ్లాను.

“సార్, మీ వయసులో నిచ్చెన ఎక్కి పడితే నా మెడకు చుట్టుకుంటది,” అన్నారు హెడ్మాస్టర్. “అయినా అంత మంచి బొమ్మ. పిల్లలకు మంచిగ అర్థమైతాంది గదా.”

“గదే నా బాధ సార్. తప్పు మంచిగ అర్థమైతాంది.”

“పైనోళ్లు మెచ్చుకున్న గోడ సార్. తుడిచినంక ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?”

“నా తప్పు నేను దిద్దుకునేటందుకు పర్మిషనా?” అని సార్ సున్నం బకెట్టును అక్కడే కుమ్మరించి వెళ్లిపోయారు. తెల్లటి మరక చాలా రోజులు గేటు దగ్గర ఉంది. ఆ తరువాత నేను అడిగాను, మీటింగుల్లో అడిగాను, బతిమాలాను, పోట్లాడాను. చూద్దాం అన్నారు, వచ్చే ఏడు అన్నారు, రంగులకు పైసలు లేవన్నారు. రంగులు నేనే తెస్తానంటే, “నీకేం పట్టింది మేడం?” అన్నారు.

పాలమూరు దవాఖానలో ఆయనను చివరిసారి చూశాను. ఊపిరి అందక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎలా ఉన్నారని నేను అడిగేలోపే, “గోడ?” అన్నారు.

“ఇంకా కాలే సార్. ఒప్పుకుంటలేరు.”

సార్ భార్యను మేమంతా అమ్మ అని పిలుస్తాం. మంచం పక్కన ఉన్న ఆమె, “ఇంక ఇడువయ్యా ఆ గోడను” అని కళ్లు తుడుచుకుంది. ఆయన చేయి లేపి ఆమెను ఆగమన్నారు. “పిల్లలు... దాన్నే చూస్తరు,” అన్నారు నాతో. “కొట్లాడు.”

కొట్లాడాను. సంతాప సభలో కూడా కొట్లాడాను, ఏం లాభం? సభ ఆ గోడ ముందే పెట్టారు. బొమ్మ కింద బల్ల వేసి, ఆయన ఫొటోకు దండ వేశారు. ఎరువుల దుకాణం అతను మైకు పట్టుకుని, నిజంగానే ఏడుస్తూ, సారు చేతిగీతను కలకాలం కాపాడుకుందాం, పాత విద్యార్థులమంతా కలిసి పైన వార్నిషు వేయిద్దాం, చుట్టూ గ్రానైటు కట్టిద్దాం అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, ఈ బొమ్మ తప్పని సారే చెప్పారు, తుడిచి సరిగ్గా గీయడమే ఆయనకు నివాళి అన్నాను.

“పోయిన మనిషి చేతిగీత తుడుస్తవా మేడం?” అని వెనుక నుంచి ఎవరో అరిచారు. “పాపం తగుల్తది.”

అప్పుడు అమ్మ లేచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. “ఆయన ఈ గోడ యాదికొస్తే అన్నం సగంల లేసేటోడు,” అంది. అంతే చెప్పి, కొంగుతో ముఖం కప్పుకుని కూర్చుంది. సభంతా కళ్లు తుడుచుకుంది. “చూసిండ్రా, బొమ్మంటే సారుకు ఎంత ప్రాణమో!” అన్నాడు మైకు పట్టుకున్న అతను. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. ఆ క్షణంలో సార్ ఉంటే ఏ బూతు తిట్టేవారో ఇద్దరికీ తెలుసు.

వార్నిషు వేశారు. ఆ గుట్టలు ఇప్పుడు ఎండకు తళతళా మెరుస్తున్నాయి. ప్రతి ఏడూ నా తరగతి పిల్లలను దాని ముందు నిలబెట్టి, ఇది తప్పు, గీసిన మనిషికే ఇది తప్పని తెలుసు అని చెబుతాను. తలలూపుతారు. పరీక్షలో మాత్రం గోడను చూసే గీస్తారు. చెవికన్నా కన్ను మొండిది. నేను నేలకు చెంప ఆనించమంటే యూనిఫాం మాసిపోతుందని తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. అలసిపోయాను, నిజం చెప్పాలంటే.

మొన్న వానలు తగ్గాక ఒక సాయంత్రం అమ్మను తీసుకుని వాళ్ల మెట్ట చెలకకు వెళ్లాను. సార్‌ను అక్కడే, ఆయన బాపు పక్కన మట్టి చేశారు. సమాధి ఇంకా కట్టలేదు. నాకు గుర్తున్నది నడుము ఎత్తు ఎర్రమట్టి కుప్ప, దాని మీద బంతిపూలు. చెలకంతా తిరిగాను. ఎక్కడా కుప్ప లేదు. గడ్డి మొలిచింది, గొర్రెలు తిరిగిన జాడలున్నాయి, అంతా ఒకటే నేల. కుప్పను కూడా ఎవరో ఎత్తుకుపోయారా అన్నంత కోపం వచ్చింది నాకు. అమ్మకూ జాగా ఆనవాలు పట్టలేదు. “ఈడనే ఉండాలె బిడ్డా, ఈడనే” అంటూ అటూ ఇటూ తిరుగుతోంది.

నేను ఎత్తు కోసం వెతుకుతున్నానని అప్పుడు తట్టింది. కొంగు నడుముకు చుట్టుకుని, తడి గడ్డిలో బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించాను.

అమ్మ వచ్చి నా వెనుక నిలబడింది. “ఏం బిడ్డా, తాళాల గుత్తి తెమ్మంటవా?” అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తిరిగి చూడలేదు. నా కళ్ల ముందు, పడమటి వెలుతురుకు ఎదురుగా, నేల ఒక దగ్గర మెల్లగా లేచి మళ్లీ మెల్లగా దిగుతోంది. జానెడు కూడా లేదు. దాని అవతల మేస్తున్న గొర్రెపిల్ల కాళ్లు కనిపించడం లేదు.